నా తిట్లకి దరువేసినోడు

మా జాలారిపేట పెద్ద ఎల్లారావుకి ఎదురు చెప్పి, పంచాయితీ గెలిచి, నవ్వుకుంటూ ఇంటికొచ్చినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను నాను. వాడు నా మేనల్లుడు ఎల్లాజీ, నా తమ్ముడు కోటి కొడుకు. అప్పటికి వాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు.

అది తొంభై అయిదో సంవత్సరం. గంగమ్మ పండగ వెళ్ళిన ఆదివారం. వలలు ఆరేసుకునే ఇసకలో చాపలు పరుచుకుని పెద్దలు కూర్చున్నారు. ఎల్లాజీ మీద నేరం ఏటంటే, డప్పు కొడుతున్నాడని. సముద్రం మీదికి పోయే కులంలో పుట్టి ఎవరి పెళ్ళికో ఎవరి చావుకో వాయిస్తే పేట పరువు ఏటవుతాదని ఎల్లారావు అడిగాడు. పెద్దలు వేసే జరిమానాని మా దగ్గర తప్పు అంటారు. "డప్పు కొట్టినోడు తప్పు కట్టాలి," అన్నాడు ఎల్లారావు. ఆ మాట తనకే ముద్దొచ్చినట్టుంది, ఇంకోసారి కూడా అన్నాడు.

వాడి అమ్మ పోతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కోటి ఇసకలో వేలితో గీతలు గీస్తున్నాడు. నాను లేచి నిలబడ్డాను. నాకు రాత ఎక్కువ రాదు గానీ నోరు వచ్చు, ఈ నూకాలు లేస్తే పంచాయితీ ఎలా ముగుస్తాదో పేటంతటికీ తెలుసు. ఎల్లాజీ నా వైపు చూసి వద్దని చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మావా, మొన్న నీ వలకి కానాగంతలు పడ్డాయి కదా. ఎలగ పడ్డాయి?" అని నిదానంగా అడిగాడు.

"ఎలగేటిరా. వల సుట్టితే పడ్డాయి."

"వల సుట్టీసి ఊరికే కూసున్నారేటి మీ గుంటలు? తెడ్లెట్టి తెప్ప పక్కలు డబడబా బాదినారు. ఆ సప్పుడుకి సేప బెదిరి వల్లో దూరింది. ఆళ్ళు కొట్టింది తప్పు కానప్పుడు నాను కొట్టింది ఎలగ తప్పయినాది?"

"అది సేప కోసంరా."

"నాది మనుసుల కోసం మావా. సేపలైతే సప్పుడుకి పారిపోతాయి. మనుసులు దగ్గిరికొత్తారు."

ఇసకలో కూర్చున్న కుర్రాళ్ళు నవ్వారు. ఎల్లారావు అప్పుడు తోలు సంగతి ఎత్తాడు, తోలు ముట్టుకునే పని మనది కాదన్నాడు. తను వాయించేదాని మీద తోలన్నది లేదు, అది ప్లాస్టిక్కు, ఈ చాపల మీద ఉన్న తోలల్లా మావ నడుముకున్న బెల్టొక్కటే అని ఎల్లాజీ చెప్పాడు. నమ్మకపోతే తెలిసినవాళ్ళనే అడగమన్నాడు. పక్కపేటలో డప్పు వాయించే పెద్దాయన ఒకడు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. ఆయన తుండు దులిపి భుజాన వేసుకుని, "బాబూ, ఈ గుంటడు కొట్టీది డప్పు కాదు. డప్పని మీరందరూ అంటే మా పేరు సెడతాది," అన్నాడు. ఇంక పంచాయితీ ఎక్కడుంది, ఆడవాళ్ళు కూడా పొట్టలు పట్టుకున్నారు. ఎల్లారావు బెల్టు మీదికి చొక్కా లాక్కుని లేచిపోయాడు.

వాడు ఎలా గెలిచాడో నాకు తెలుసు. వాడి నోరు గొప్పది కాదు, నా నోటి ముందు అది ఏ పాటి. వాడి చెవులు గొప్పవి. పెద్దల వెనక కూర్చుని ఎవరెవరు ఏం గొణుగుతున్నారో, ఎవరికి నవ్వొస్తోందో, అంత దూరం నుంచి వాడు విన్నాడు. విన్నాక మాట విసిరాడు. ఆ చెవులే వాణ్ణి పైకి తెచ్చాయి. ఆ చెవులే వాణ్ణి ముంచాయి. వాడి కథంతా ఆ రెండు చెవుల కథే.

చెవులు వాడికి తండ్రి నుంచి వచ్చాయి. కూత పెట్టే చేపలు కొన్ని ఉంటాయి, అవి అడుగున మంద కట్టి తిరుగుతుంటే పైకి ఏమీ తెలీదు. మా కోటి తెడ్డుని నీళ్ళలోకి నిలువుగా దించి, పైన పిడి చెవికి ఆనించి వినేవాడు. ఇక్కడున్నాయి, ఇక్కడ లేవు అని చెప్పేవాడు. వాడు చెప్పినచోటే మిగతా తెప్పలు వలలు దించేవి. ఎల్లాజీ పాలపళ్ళు ఊడే వయసులోనే ఆ తెడ్డు పిడికి చెవి పెట్టి, "నాన్నా, ఇవి మొన్నటివి కాదు, ఏరేవి," అన్నాడట. కోటి ఆ సంగతి హార్బర్ అంతా చెప్పుకున్నాడు. పదోది తప్పి వాడు సముద్రం వద్దంటే కోటికి కోపం వచ్చింది కొడుకు మీద కాదు, ఆ చెవులు వృథా అయిపోతాయని.

వృథా కాలేదు, నా ఉప్పుచేపల కొట్లో పడ్డాయి.

మా ఆయన పోయాక ఎండుచేపల వ్యాపారం నాను ఒక్కదాన్నే చేశాను. ఇంటి వెనక రేకుల కొట్టు ఉండేది, వానల్లో అందులో చేపలు నిల్వ పెట్టేదాన్ని, మిగతా రోజుల్లో ఖాళీ. తొంభై నాలుగులో ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఆ కొట్టు అద్దెకి అడిగారు. ఒకడు నాగవంశీ, ఉక్కు ఫ్యాక్టరీ టౌన్‌షిప్పు కుర్రాడు. వాళ్ళది కృష్ణా జిల్లా, అందుకని ప్రతి మాటకీ అండీ తగిలిస్తాడు. నన్ను పిన్నిగారూ అన్నాడు. అప్పటిదాకా నన్ను గారు అన్నవాడు లేడు, పోలీసోడు తప్ప, వాడు వెటకారానికి అన్నాడు. రెండోవాడు మోహన్, కంచరపాలెం రైల్వే క్వార్టర్స్ కుర్రాడు, పెద్దగా మాట్లాడడు, గిటారు వాయిస్తాడు. నాగవంశీ ఇంగిలీషులో అరుస్తాడు, దాన్ని పాట అంటారు. ఎక్కడ వాయించినా జనం తరిమేస్తుంటే, జనం రాని చోటు వెతుక్కుంటూ నా కొట్టుకొచ్చారు. నేవీ క్లబ్బులో పారేసిన పాత డ్రమ్ముల సెట్టొకటి తెచ్చుకున్నారు. దాన్ని వాయించడానికి ఒక ఇంజనీరింగు కుర్రాడు వచ్చేవాడు గానీ ఎండు నెత్తళ్ళ వాసనకి వాంతి చేసుకుని మళ్ళీ కనపడలేదు.

మా ఎల్లాజీకి వాసన ఏటి, అది వాడు పుట్టిన వాసన. గంపలు మొయ్యడానికి వచ్చినవాడు, ఖాళీగా ఉన్న ఆ స్టూలు మీద కూర్చున్నాడు. నాగవంశీ వద్దనలేదు.

వాళ్ళు పేరు పెట్టుకున్నారు, రస్టు అని. అంటే ఏటని అడిగితే తుప్పు అన్నారు. తుప్పు అని ఎవరైనా పేరు పెట్టుకుంటారా అన్నాను. ఓడలకి పట్టేది అదే కదా పిన్నిగారూ, ఊరంతా అదే కదా అన్నాడు నాగవంశీ. మాటకారి.

ఒకరోజు మధ్యాహ్నం నాను కొట్టు తలుపు తీసేసరికి, మబ్బు పట్టిందని నాను లోపల పరిచిన నెత్తళ్ళ మీద వైర్లూ చెప్పులూ పరిచి ముగ్గురూ వాయిస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. నాకు ఒక తిట్టు ఉంది, మా అమ్మ నుంచి వచ్చినది. పిల్లులకీ కాకులకీ మొగుళ్ళకీ అందరికీ అదే. "నీ జిమ్మడిపోను, నీ మూతి కాలిపోను, నీ కాళ్ళిరిగి మూల కూలబడి," అని ఒక్క గుక్కలో అంటాను. అక్కడికి నాకు ఊపిరి అయిపోతాది. ఒకసారి గుండెనిండా పీల్చుకుని, అప్పుడు, "నీ దినం సెయ్య," అంటాను. మళ్ళీ మొదలు. నాను తిడుతున్నాను, ఎల్లాజీ ఆపలేదు. నా మాటకి మాట కొడుతున్నాడు. నాను ఊపిరి తీసుకునే చోట వాడూ చేతులు గాల్లో ఆపేశాడు. నాను "నీ దినం సెయ్య" అనేసరికి గట్టిగా దించాడు. నాకు కోపం రెట్టింపయ్యి ఇంకా వేగంగా తిట్టాను. వాడూ వేగం పెంచాడు. ఆఖరికి నాకే ఆయాసం వచ్చి గడప మీద కూర్చున్నాను. మోహన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అత్తా, నీ తిట్టుకి దరువుంది. ఆ ఊపిరి కాడ ఉన్న కుంటుడు నానెక్కడా ఇన్నేదు," అన్నాడు ఎల్లాజీ.

ఆ తిట్టు మీద నాగవంశీ ఇంగిలీషు మాటలు పెట్టాడు. ఆ పాటే తరవాత కాలేజీల్లో వీళ్ళకి పేరు తెచ్చింది. యూనివర్సిటీ గ్రౌండులోనూ, బరంపురంలోనూ, భువనేశ్వర్‌లోనూ ఆ పాట మొదలైతే కుర్రాళ్ళు కుర్చీలెక్కేవారట. నా పేరు ఎక్కడా వెయ్యలేదు, సరే పోనీ.

పంచాయితీ గెలిచాక వాడికి పేటలో అడ్డులేదు గానీ, ఆ వాయింపుడు కూడు పెట్టలేదు. ఊళ్ళు తిరిగి వస్తే ఒంటి మీద కొత్త చొక్కా, కడుపులో ఆకలి, అంతే. అందుకని పగలు హార్బర్‌లో ఓడలు బాగుచేసే చోట కాంట్రాక్టు పనిలో చేరాడు. ఓడ పక్కలకి పట్టిన తుప్పుని సుత్తులతో రాలగొట్టే పని, చిప్పింగు అంటారు. ఓడ లోపలి ట్యాంకులో దిగి కొడితే ఆ చప్పుడు బయటికి పోదు, ఇనప గోడలకి తగిలి మళ్ళీ మనిషి మీదికే వస్తాది. సాయంత్రం వచ్చి కూర్చుంటే వాడి కనురెప్పల మీద కూడా ఎర్ర పొడి ఉండేది. పగలు తుప్పుని కొట్టి, సాయంత్రం తుప్పులో కొడుతున్నాను అత్తా అని నవ్వేవాడు. చెవుల్లో దూది పెట్టుకోమని తోటివాళ్ళు చెప్పారు. దూది పెట్టుకుంటే పక్కవాడి సుత్తితో తన సుత్తి కలుస్తోందో లేదో తెలీడం లేదని తీసి పారేశాడు. తుప్పు రాలగొట్టడంలో కూడా దరువు కావాలి వాడికి.

ఎప్పుడు మొదలయ్యిందో వాడికీ సరిగ్గా తెలీదు. తొంభై తొమ్మిది ప్రాంతంలో చెవిలో కీచురాయి దూరినట్టు ఒకటే గోల అన్నాడు ఒకసారి. పని మీద నుంచి వస్తే అలాగే ఉంటాది, పడుకుంటే పోతాది అనుకున్నాం. తరవాత వాడు దాని సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇక్కడే ఒక మాట మా కొంప ముంచింది. మా వైపు ఇనడం అంటే చెవితో ఇనడం ఒకటి, చెప్పినట్టు చెయ్యడం ఒకటి. రెండిటికీ మాట ఒకటే. పోతమ్మది సన్నగొంతు, పిచిక లాంటిది. అది వంటింట్లోంచి, "బాబూ, నీళ్ళట్రా," అంటే వాడు కదిలేవాడు కాదు. "అన్నానికి రా," అంటే రాడు. నాను వీధిలోంచి ఒక కేక వేస్తే మాత్రం గబుక్కున లేచేవాడు. నాది మగగొంతు, వేలంపాటలో పదిమంది మగాళ్ళని దాటి వినబడాలి కదా. పోతమ్మకి అది మనసులో ముల్లయి గుచ్చుకుంది. నా కొడుకు నా మాట ఇండం లేదు, నీ మాటే ఇంటన్నాడు వదినా అని ఏడ్చేది. స్టేజీలెక్కి పొగరెక్కిందని కోటి అన్నాడు. పేటలో అందరూ అదే అన్నారు, కోటి కొడుకు మాట ఇండని. పోతమ్మ గంగమ్మకి మొక్కుకుంది, నా కొడుకు నా మాట ఇనాలి తల్లీ అని. కోడిని కూడా ఇచ్చింది.

వాడికి సన్నటి చప్పుళ్ళన్నీ ముందు పోయాయి. తల్లి గొంతు, కాకి పిల్ల, సైకిలు బెల్లు, తన డ్రమ్ముల్లో పైన ఉండే ఇత్తడి పళ్ళాల గలగల. బరువు చప్పుళ్ళు మిగిలాయి. వాడికి ఆ సంగతి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెబితే స్టూలు మీద ఇంకొకణ్ణి కూర్చోబెడతారని భయం. నాగవంశీ కాలు ఎలా ఆడుతోందో చూసి కొట్టేవాడు. మోహన్ చెయ్యి చూసి కొట్టేవాడు. చెప్పులు విప్పేసి, చెక్క మీద ఉత్త పాదాలు పెట్టుకుని, అదురు కాళ్ళలోంచి వస్తుంటే కొట్టేవాడు. అలాగే రెండువేల సంవత్సరంలో హైదరాబాదు పోటీలో వీళ్ళు మొదట వచ్చారు. చెవిటివాడు వాయించాడని ఒక్కడికీ తెలీలేదు. ఆ పోటీలో కూర్చున్న క్యాసెట్ కంపెనీవాళ్ళు మద్రాసు వచ్చి రికార్డింగు చెయ్యమన్నారు.

ఆ వారమంతా వాడు నిద్రపోలేదు. సంతోషమనుకున్నాను. కొట్లో ఒక్కడూ కూర్చుని, చెవికి వాచీ ఆనించుకుని, తీసి, మళ్ళీ ఆనించుకుని చూడటం నా కంటపడింది. వాచీ ఆగిపోయిందేటి అని అడిగాను. వాడు నవ్వి, "అవునత్తా, ఆగిపోయినట్టుంది," అన్నాడు. వాడు వెళ్ళాక నాను తీసి చూశాను. శుభ్రంగా ఆడుతోంది.

మద్రాసులో ఏం జరిగిందో తరవాత నాగవంశీ చెప్పాడు. స్టేజీ మీద లాగా అందరూ కలిసి వాయించడం కాదట. ఎల్లాజీని ఒక్కణ్ణే గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. కింద మెత్తటి తివాచీ, కాలికి అదురు రాదు. చూడటానికి ఎవరి కాలూ లేదు, ఎవరి చెయ్యీ లేదు. హెడ్‌ఫోనులో టిక్కు టిక్కు అని సన్నగా ఒక చప్పుడు వస్తాది, దాని మీదే సరిగ్గా కొట్టాలి. వాడు మొదలుపెట్టాడు, అది ఒక దారి, వీడొక దారి. మళ్ళీ పెట్టారు, మళ్ళీ అంతే. కొంచెం పెంచమని వాడు చెయ్యి ఎత్తి చూపించాడు. పెంచారు. ఇంకా పెంచమన్నాడు. ఆఖరికి ఆ టిక్కు గాజు ఇవతల ఉన్నవాళ్ళకి కూడా వినబడుతోంది, చెవుల మీద పెట్టుకున్నవాడికి వినబడలేదు. మిషను దగ్గర కూర్చున్నాయన నాగవంశీ మొహం చూశాడు. నాగవంశీ వాణ్ణి చూశాడు. వాడు కర్రలు ఒళ్ళో పెట్టుకుని, ఇంకా పెంచండి అన్నట్టు చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడట.

క్యాసెట్ వచ్చింది. అట్ట మీద ముగ్గురి బొమ్మలూ ఉన్నాయి, మధ్యలో మావాడు. పోతమ్మ అది పట్టుకుని పేటంతా తిరిగింది, ఎల్లారావుకి కూడా చూపించింది. మా ఇంట్లో టేపురికార్డరు పెట్టి అందరం కూర్చున్నాం. వాడు గోడకి ఆనుకుని మా మొహాలు చూస్తున్నాడు. నా తిట్టు పాట వచ్చింది. నీ జిమ్మడిపోను దగ్గర బాగుంది, నీ మూతి కాలిపోను దగ్గర బాగుంది. మూల కూలబడి దాకా వచ్చి, ఊపిరి తీసుకోకుండా, నున్నగా, సాఫుగా, నీ దినం సెయ్య లోకి వెళ్ళిపోయింది. నాను ఊపిరి పీల్చేదాన్ని, ఆ పాట పీల్చలేదు. మళ్ళీ వేశాం. మళ్ళీ అంతే.

పోతమ్మ, "నా కొడుకు ఎంత బాగా కొట్టినాడో," అంటోంది.

నాను వాణ్ణి వీధిలోకి తీసుకెళ్ళి అడిగాను, అది కొట్టింది నువ్వు కాదు కదా అని. వాడు నా పెదాలు చూశాడు. అప్పుడు నాకు మొత్తం అర్థమయ్యింది, ఆ వాచీ, ఆ మొక్కు, ఆ పొగరు, అన్నీ.

"మిషను కొట్టినాది అత్తా," అన్నాడు. "అమ్మకి సెప్పీకు."

నాను చెప్పకుండా ఎలా ఉంటాను. కొడుక్కి పొగరనుకుని తల్లి కుమిలిపోతుంటే ఊరుకోమంటావా. చెప్పాను. పోతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తరవాత, "మొక్కు నాను సరిగ్గానే మొక్కినాను వదినా. అమ్మోరికే సరిగ్గా ఇనపడినట్టు నేదు," అంది. ఆ రోజు నుంచి అది వాడితో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి, చుబుకం పట్టుకుని మొహం తిప్పుకుని మాట్లాడేది, పసిపిల్లాడికి అన్నం పెట్టినట్టు.

పెద్ద డాక్టరుకి చూపించాం. చెవి లోపల నరం చచ్చిపోయింది, అది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలంటే సుత్తీ డ్రమ్మూ రెండూ మానెయ్యాలి అన్నాడు. రెండూ మానేస్తే వాడేటి, ఎవడు వాడు? చెవికి పెట్టుకునే మిషను తెచ్చాం. దాంతో కీచురాయి గోల పెద్దదయ్యింది తప్ప మాట రాలేదు. పద్మనాభం ఊరి దగ్గర ఒకాయన ఆకుపసరు పోస్తాడంటే అక్కడికీ తీసుకెళ్ళాం. పసరు పోసినప్పుడు మంటకి వాడు నా చెయ్యి గోళ్ళతో రక్కేశాడు. మర్నాడు ఉదయం లేచి, "పోతమ్మా, ఒకసారి పిలువు," అన్నాడు తల్లిని. అమ్మా అనడం మర్చిపోయాడు కంగారులో. అది పిలిచింది. వాడు ఇంకా ఎదురు చూస్తున్నాడు.

నాగవంశీ చెడ్డవాడు కాదు. కొన్నాళ్ళు వచ్చిపోయాడు, బావా నీ చోటు నీదే అన్నాడు. తరవాత ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయ్యింది. మోహన్ రైల్వేలో చేరాడు. తుప్పు రాలిపోయింది. సెట్టు నా కొట్లో మిగిలింది, వాడు మిగిలాడు.

వాడు పెళ్ళిళ్ళకి వాయించే సినిమా పాటల పార్టీలో చేరాడు. సినిమా పాట తెలిసిన పాట, ఎలా నడుస్తాదో గుర్తుంటాది, చెవి లేకపోయినా చేతులు పోతాయి అనుకున్నాడు. కొన్నాళ్ళు నడిచింది. రెండువేల నాలుగులో పెందుర్తిలో ఒక కాలనీలో పెళ్ళి విందు. నాను వెళ్ళాను, పెళ్ళికూతురి తల్లికి ఎండుచేపలు నాను పోసేదాన్ని. స్టేజీ మీద పాడే పిల్ల మధ్యలో పాట మార్చింది, ఎవరో పెద్దమనిషి చీటీ పంపాడు మెల్లపాట పాడమని. అందరూ మెల్లపాటలోకి దిగారు. మావాడు ఇంకా పాత పాటే వాయిస్తున్నాడు, కళ్ళు మూసుకుని, చెమటలు కారుతుండగా, జీవితంలో ఎప్పుడూ వాయించనంత బాగా. పాడే పిల్ల ఆగిపోయింది. కుర్చీల్లో జనం మొదట సరదా అనుకుని చప్పట్లు కొట్టారు, తరవాత నవ్వారు. పార్టీ పెద్ద వెనక నుంచి వచ్చి వాడి చేతుల్లోంచి కర్రలు లాక్కున్నాడు. వాడు కళ్ళు తెరిచి, చేతులు అలాగే గాల్లో పెట్టుకుని, నవ్వుతున్న మొహాలన్నిటినీ చూశాడు. ఎల్లారావుని ఓడించిన రోజు కూడా జనం అలాగే నవ్వారు. ఆ నవ్వు వాడు విన్నాడు, ఈ నవ్వు చూశాడు.

ఇంటికొచ్చే బస్సులో వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏమన్నా అనాలంటే అరవాలి, బస్సులో అందరి ముందూ అరిచి ఏం ఓదారుస్తాం.

కోటి వాణ్ణి మళ్ళీ తెప్ప మీదికి పిలిచాడు. ఆ రోజు ఒడ్డున నానూ ఉన్నాను. ఒడ్డుకి దగ్గర్లోనే తెప్ప ఆపి, కోటి తన తెడ్డు నీళ్ళలోకి దించి కొడుకు చేతికి ఇచ్చాడు. వాడు పిడి కుడి చెవికి పెట్టుకున్నాడు. తరవాత ఎడమ చెవికి. తరవాత పళ్ళతో కరిచి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వాడు తెడ్డు తీసి తండ్రికి ఇచ్చేశాడు. కోటి తను చెవి పెట్టి విన్నాడు. కింద చేపలు ఉన్నట్టున్నాయి. తమ్ముడి మొహంలో తెలిసింది నాకు. వల దించకుండానే తెప్ప ఒడ్డుకి తిప్పేశాడు.

ఆ తరవాత వాడు ఇల్లు కదలడం మానేశాడు. మళ్ళీ చిప్పింగుకి పోతానన్నాడు, ఎలాగూ పోయిన చెవులే కదా అని. పోతమ్మ కాళ్ళు పట్టుకుంది. అన్నం సరిగ్గా తినడు, గడ్డం గీసుకోడు. నాను పిలిస్తే మాత్రం తిరిగేవాడు. ఊళ్ళో ఉన్న గొంతులన్నిటిలో వాడికి చివరికి మిగిలింది నా గొంతొక్కటే. అది కూడా ఏ రోజుకారోజు దూరం జరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. మొదట వీధి చివర నుంచి పిలిస్తే తిరిగేవాడు. తరవాత గుమ్మంలోంచి. తరవాత పక్కన నిలబడి. వాణ్ణి తిట్టడం మానేశాను నాను. అన్నం దగ్గర పెట్టి భుజం తట్టి వచ్చేదాన్ని. పేటలో అందరూ, నూకాలు నోరు పడిపోయిందా ఏటి అని నవ్వుకున్నారు.

రెండువేల ఏడులో, వానలు మొదలవ్వకముందు, కొట్లో మిగతా చేపలు పెట్టాలని తలుపు తీశాను. వాడు లోపల ఉన్నాడు. డ్రమ్ముల మీద గోనెసంచులు తీసేసి, తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. ఇత్తడి పళ్ళాలు తీసి పక్కన గోడకి ఆనించాడు, అవి వాడికి ఎలాగూ లేవు కదా. కింద నాను ముందురోజు తెచ్చి పరిచిన నెత్తళ్ళు ఉన్నాయి, వాడు వాటి మీదే చెప్పులతో నిలబడ్డాడు. కావాలనే అని నాకు అప్పుడు అర్థం కాలేదు. నాను వాడి చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, చేపలు ఎత్తడానికి వంగాను. ఒక్క మాట అనలేదు.

వాడు నా భుజాలు పట్టుకుని లేపాడు. మొహం పీక్కుపోయింది, కళ్ళు లోపలికి పోయాయి. వాడి గొంతు కూడా మారిపోయింది, తన మాట తనకి వినబడనివాళ్ళ గొంతు ఒకలా ఉంటాది, పెద్దదో చిన్నదో వాళ్ళకి తెలీదు.

"నువ్వు కూడా మానీసినావు అత్తా," అన్నాడు. "అందరూ నాతో మెల్లగా ఉంటన్నారు. నాకు మెల్లగా ఇనపడదు."

ఏటి కావాలిరా నీకు అన్నాను. వాడు నా నోరు చూసి, తల అడ్డంగా ఊపి, నా చెయ్యి పట్టుకుని గడప మీద, అప్పుడు ఆయాసంతో కూర్చున్న చోటే, నన్ను కూర్చోబెట్టాడు. చెప్పులు విప్పేశాడు. స్టూలు నా మోకాళ్ళకి తగిలేంత దగ్గరికి లాక్కుని, పెద్ద డ్రమ్ముని నాకూ తనకీ మధ్య పెట్టుకున్నాడు. కర్రలు తీశాడు.

"ఇయ్యాళో రేపో నీ గొంతు కూడా పోతాదత్తా. పోకముందు ఒక్కసారి నన్ను తిట్టు," అన్నాడు. "ఆ పాత తిట్టే. మొదట్నించీ, పెద్దగా. నీ దినం సెయ్య అన్నది మింగీకు, అదీ అను. ఊపిరి తీసుకున్న కాడ ఊపిరి తీసుకో. నాను పట్టుకుంటాను."